మూడుసార్లు నీళ్ళలో వదిలేసిన టేకు చేప పళ్ళు: బిగ్ బ్రూక్ వాగులో నా అనుభవం

మేం ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఇక్కణ్ణుంచి కారులో ముప్పావు గంట వెళ్తే మాన్మత్ కౌంటీలో బిగ్ బ్రూక్ అనే వాగు ఉంది. చాలాచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. ఆ వాగులో సుమారు 7 కోట్ల ఏళ్ల నాటి సొరచేపల పళ్ళు దొరుకుతాయని మా అమ్మాయి స్కూల్లో విని వచ్చింది. ఇంక అంతే, శనివారం వస్తే చాలు అదే మాట. నేను చదివింది కంప్యూటర్లు, రాళ్ళ గురించి ఏమీ తెలియదు. అయినా వెళ్ళాం. నాలుగుసార్లు వెళ్ళాక గానీ అక్కడ ఏం చూడాలో నాకు అర్థం కాలేదు, అందుకే కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు నిబంధనలు. చేతి తాపీ రేకు 6 అంగుళాలు, జల్లెడ 18 అంగుళాలు దాటకూడదు. నీటికి పైన ఉన్న గట్టును తవ్వకూడదు. మనిషికి రోజుకు 5 శిలాజాలు మాత్రమే తెచ్చుకోవచ్చు, అమ్ముకోవడం కుదరదు. వెళ్ళిన రోజు అక్కడి బోర్డు మళ్ళీ ఒకసారి చదవండి. గట్టు తవ్వొద్దనే మాట చాలామంది పట్టించుకోరు, అది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే గట్టు కూలితే చెట్లు పడిపోతాయి, పొరలన్నీ కలిసిపోతాయి, తర్వాత వచ్చేవాళ్ళకి చదవడానికి ఏమీ మిగలదు.

మొదటిసారి మూడు గంటలు వంగి వంగి నడుం పట్టేసింది, ఒక్క పన్ను కూడా దొరకలేదు. మేం బురద జల్లిస్తున్నాం. రెండోసారి అక్కడికి తరచూ వచ్చే ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగి, బురద కాదు, గులకరాళ్ళు ఎక్కడ పోగుపడ్డాయో అక్కడ చూడమన్నారు. వాగు మలుపు తిరిగేచోట లోపలి వైపు, పడిపోయిన దుంగల వెనక, నీటి వేగం తగ్గుతుంది, బరువైనవన్నీ అక్కడ దిగిపోతాయి. ఖనిజాలు పట్టిన పన్ను మామూలు ఇసుక కన్నా బరువు కాబట్టి అదీ అక్కడే దిగుతుంది. పెద్ద వాన పడి నీళ్ళు తీశాక వెళ్తే కొత్త కంకర బయటపడుతుందని కూడా ఆయనే చెప్పారు. ఆయన చెప్పిన చోట నాలుగో జల్లెడలోనే మా అమ్మాయి కేక పెట్టింది. అంగుళం పైన పొడవు, సూదిలా సన్నగా, ఒక పక్క నిలువు గీతలున్న పన్ను. తర్వాత తెలిసింది అది స్కాపనోరింకస్ అని, ఇప్పుడున్న గాబ్లిన్ సొరకు పాతకాలపు బంధువు. ఇవాళ గాబ్లిన్ సొర నడి సముద్రాల లోతుల్లో బతుకుతుంది, ఆ రోజుల్లో దాని బంధువు మాత్రం తీరానికి దగ్గరగా, తక్కువ లోతు నీళ్ళలో తిరిగింది.

అదే రోజు స్క్వాలికోరాక్స్ పన్ను కూడా దొరికింది. వెడల్పుగా, కొన పక్కకి వంగి, అంచుల్లో రంపం పళ్ళు. ఈ సొర చచ్చిన జంతువులను కూడా తినేది, సముద్రపు సరీసృపాల ఎముకల మీద దీని పంటి గాట్లు దొరికాయి. సొర అస్థిపంజరం అంతా మృదులాస్థి, అంటే మన చెవి డొప్పలా మెత్తటిది, అది కుళ్ళిపోతుంది. పళ్ళు మాత్రం గట్టివి, పైగా బతికినన్నాళ్ళూ రాలుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, ఒక్క సొరే వేల పళ్ళు రాల్చగలదు. అందుకే అన్ని దొరుకుతాయి.

ఇక నేను చేసిన తప్పు. మా జల్లెడ కన్ను పావు అంగుళం. సొర పళ్ళ కోసం అది చాలు. దాని గుండా జారిపోయేదాన్ని, జల్లెడలో మిగిలినా పలకలాగా, గోరంత సైజులో నల్లగా ఉండేవాటిని రాళ్ళనుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేశాను. మూడుసార్లు అలాగే చేశాను. మూడోసారి పొరపాటున అలాంటిది ఒకటి మా అమ్మాయి చెప్పుల్లో ఇరుక్కుని ఇంటికొచ్చింది. భూతద్దం కింద పెడితే పైభాగం నునుపుగా, మెరుస్తూ, కింద వేరు రెండుగా చీలి మధ్యలో గాడి. రాయికి వేరు ఉండదు కదా! ఫొటో పక్కన స్కేలు పెట్టి, ప్రచురించిన బొమ్మలతో రెండు రాత్రులు పోల్చి చూశాక అది రే చేప, అంటే సొరలకు బంధువైన చదునైన చేప, పన్ను అని తేలింది. కాకినాడ నుంచి వచ్చిన మా స్నేహితుడు చూసి, మా దగ్గర దీన్ని టేకు చేప అంటామండీ అన్నాడు. మా ఆదిలాబాద్ వైపు టేకు అంటే అడవిలో చెట్టే, అందుకే ఆ పేరు నాకు ఇంకా బాగా గుర్తుండిపోయింది.

నాలుగోసారి అంగుళంలో ఎనిమిదో వంతు కన్ను ఉన్న సన్న జల్లెడను పెద్దదాని కింద పెట్టుకుని వెళ్ళాం. ఆ రోజు చూసినన్ని రకాలు మొదటి మూడు రోజులు కలిపినా చూడలేదు. ఇస్కిరైజా అనేదాని ముళ్ళు దొరికాయి. అది రంపంలాంటి ముక్కు ఉన్న రే జాతి చేప, ఆ ముక్కుకి రెండు పక్కలా ఉండే ముళ్ళు ఇవి, నోట్లో పళ్ళు కావు. ఇప్పటి రంపం చేపలకీ వీటికీ నేరుగా సంబంధం లేదు, ఒకే పనికి రెండు వంశాలకి విడివిడిగా అదే పరికరం వచ్చింది. 5 మాత్రమే తెచ్చుకోవాలి కాబట్టి మిగతావి ఫొటో తీసి వదిలేశాం. ఆ 5 ఏవో ఎంచుకోవడానికి వాగు ఒడ్డున అరగంట కూర్చున్నాం. ఈసారి మేం పెద్ద పన్ను వదిలేసి మూడు టేకు చేప పళ్ళు తెచ్చుకున్నాం.

ఎందుకంటే సొర ఈదుతూ వెళ్ళిపోతుంది, దాని పన్ను ఎక్కడైనా రాలొచ్చు. పలక పళ్ళున్న రే మాత్రం అడుగున పాకుతూ గుల్లలను నలిపి తినేది. దాని పన్ను ఉందంటే కింద గుల్లలున్నట్టు, గుల్లలున్నాయంటే వాటికి తగిన నేల ఉన్నట్టు. ఆ వాగు గట్టులోనే ఎక్సోజైరా అనే ముద్ద ఆల్చిప్పలు కనిపిస్తాయి, వాటి చుట్టూ ఆకుపచ్చ రేణువుల మట్టి ఉంటుంది. ఆ రేణువు పేరు గ్లాకొనైట్, ఒండ్రు చాలా నెమ్మదిగా చేరే సముద్రపు అడుగున పుడుతుంది. ఒండ్రు నెమ్మదిగా చేరింది కాబట్టే పళ్ళు పలచబడకుండా ఒకచోట పోగయ్యాయి. ఈ పచ్చమట్టిని మార్ల్ అంటారు, 19వ శతాబ్దంలో రైతులు దాన్ని తవ్వి పొలాలకి ఎరువుగా వేసేవాళ్ళు, పక్కనున్న మార్ల్‌బరో ఊరికి ఆ పేరే వచ్చింది. ఇదంతా కలిపి చూసుకుంటే ఆ వాగు చోట ఒక వెచ్చని, లోతు తక్కువ తీరం నాకు కళ్ళ ముందు కనిపించింది.

ఒక జాగ్రత్త. వాగు చాలా పొరలను కోసుకుంటూ పోతుంది, కంకరలో అన్నీ కలిసిపోతాయి, మంచుయుగపు జంతువుల ఎముకలు కూడా అందులోనే ఉంటాయి. కాబట్టి కంకరలో దొరికిన పన్ను ఏ పొరదో గట్టిగా చెప్పలేం. డబ్బా మీద తేదీ, వాగులో చోటు, ఏ కన్ను జల్లెడ అన్నది రాసిపెట్టండి. బ్లీచ్ వాడొద్దు. మామూలు నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు, నీడలో ఆరబెట్టండి.

ఇదంతా వీడియో కాల్‌లో ఆసిఫాబాద్‌లో ఉన్న మా నాన్నకి చూపిస్తుంటే, మా అమ్మాయి అడిగింది, తాతయ్యా మీ ఊళ్ళో కూడా ఉన్నాయా అని. ఎక్కడిదమ్మా, మన దిక్కు సముద్రం ఎక్కడిది అన్నారు నాన్న. నేను వెతికాను. ఉన్నాయి. 1993లో శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, ఫ్రాన్స్‌కి చెందిన హెన్రీ కాపెట్టా కలిసి ఆసిఫాబాద్ ప్రాంతంలో దక్కన్ లావా పొరల మధ్యా కిందా ఉన్న మట్టి నుంచి తీసిన పళ్ళతో ఒక కొత్త రే చేపకి ఇగ్డాబాటిస్ ఇండికస్ అని పేరు పెట్టారు. నలిపి తినే పళ్ళే, మా డబ్బాలో ఉన్న తరహాయే. ఆ పళ్ళ ఆధారంగా ఆ మట్టి డైనోసార్ల చివరి కాలానిదని, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల ముందుదని నిర్ణయించారు, లావా ఎప్పుడు పారిందో తేల్చడంలో అది పనికొచ్చింది. ఇంత చిన్న పన్ను! నేను పెరిగిన ఊరి గురించి నాకు ఇది ముప్పై ఎనిమిదేళ్ళకి తెలిసింది, అదీ పచ్చమట్టి వాగులో మూడుసార్లు పళ్ళు వదిలేశాక.

డిసెంబర్‌లో ఇంటికి వెళ్తున్నాం. అక్కడ ఏదీ తవ్వం, ఏదీ తీసుకురాం. లావా గడ్డకట్టిన నల్లరాతి మధ్య ఆ లేతరంగు మట్టి పొర ఎలా ఉంటుందో నాన్నతో కలిసి చూడాలి. మా అమ్మాయి ఇప్పటికే భూతద్దం సంచిలో పెట్టుకుంది.