లారీ ఇండికేటర్ వేసిందా, ఎండకు మెరిసిందా?

ముందున్న బండ్ల దీపాలూ డ్రైవర్ల సైగలూ కెమెరాతో చదివే పెట్టె ఒకటి నా కారుకు చేసుకుంటున్నాను, ఆ పని మళ్లీ తాడిపత్రి రోడ్డు దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం నాలుగున్నర దాటాక అనంతపురంలో బయల్దేరి అటు పోతుంటే ఎండ వెనక నుంచి కొడుతుంది, ముందున్న లారీ వెనక దీపాల మీద నేరుగా పడుతుంది, ఇక అద్దం వెనక కెమెరా బిగించిన నా పెట్టె "కుడి ఇండికేటర్" అని చూపిస్తూనే ఉంటుంది. ఆ లారీలు ఏ ఇండికేటరూ వేయలేదు. వీడియో ఇంటికి తెచ్చి ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే, దీపం మీదుండే నారింజ రంగు ప్లాస్టిక్ ఎండకు తళుక్కుమంటోంది, అంతే. ఇంత చిన్న విషయం దగ్గర ఇన్నాళ్లు ఇరుక్కుపోతుంటే చాలా చిరాగ్గా ఉంది.

మిగతావి బాగున్నాయి. బ్రేక్ లైట్లు పట్టుకుంటోంది, పగటిపూట ఆటోవాళ్లు బయటికి చాపే చెయ్యి కూడా. ఐఐఐటీ హైదరాబాద్ వాళ్ల ఐడీడీ అనే రోడ్డు ఫొటోల డేటాసెట్‌లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన పదివేల పైచిలుకు ఫొటోలున్నాయి, ఆటోకు విడిగా ఒక తరగతి ఉంది, వాటితో నేర్పించాక లారీని బస్సనీ ఆటోని కారనీ చెప్పడం మానేసింది. పైగా ఉచితం. మన రోడ్ల మీద పని చేయాలనుకునేవాళ్లు విదేశీ డేటాసెట్లతో మొదలుపెట్టకుండా దీనితోనే మొదలుపెట్టడం మేలు.

ఇప్పుడు ఆ మెరుపు సంగతి. ఎండకు మెరిస్తే ఒకసారి మెరిసి పోవాలి గదా, ఇండికేటర్ లాగా లయగా ఎందుకు కొట్టుకుంటోంది అని మొదట అర్థం కాలేదు. నిబంధన ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగాలి, అంటే సెకనుకు 1 నుంచి 2 సార్లు. లోడుతో ఉన్న లారీ కమాన్ పట్టీల మీద పైకీ కిందకీ ఊగేది సెకనుకు సుమారు 2 సార్లు. నా కారు ఊగేది 1 నుంచి 1.5 సార్లు. లారీ ఊగిన ప్రతిసారీ ఆ ప్లాస్టిక్ లోపలి గాడులు ఎండను ఒక కోణంలో నా కెమెరాకు విసురుతున్నాయి. వెలుతురు ఎక్కువతక్కువలను, అందులోని లయలను విడదీసి చూపే ఫోరియర్ లెక్క‌కు ఇస్తే 1.7 హెర్ట్జ్ (సెకనుకు 1.7 సార్లు) దగ్గర చక్కటి శిఖరం వస్తోంది, నిజం ఇండికేటర్‌కు వచ్చేదీ దాని పక్కనే, 1.4 దగ్గర. మూడు ఊపులూ ఒకే సందులో ఉన్నప్పుడు ఫ్రీక్వెన్సీ చూసి వేరు చేయడం అయ్యే పని కాదు.

దూరం ఇంకో గొడవ. నా కెమెరా, అంటే రాస్ప్‌బెర్రీ పై వాళ్ల కెమెరా మాడ్యూల్ 3, అడ్డంగా చూసే వెడల్పు 66 డిగ్రీలు, ఫ్రేము 1920 పిక్సెళ్లు. 10 సెంటీమీటర్ల దీపం 25 మీటర్ల దూరంలో 6 పిక్సెళ్లు, 40 మీటర్లలో 4 కూడా రాదు. ఫ్రేములో బండ్లను వెతికే యోలో ప్రోగ్రాముకు ఇచ్చే ముందు 640 పిక్సెళ్లకు కుదిస్తే అక్కడ మిగిలేది ఒక్క పిక్సెల్. అందుకని లారీని కుదించిన ఫ్రేములో వెతికి, దీపాన్ని మాత్రం పూర్తి ఫ్రేము నుంచి కోసుకుంటున్నాను. ఇది కుదిరింది.

వేరు చేయడానికి మొదట అనుకున్నది ఆకారం. ఇండికేటర్ ఠక్కున వెలిగి ఠక్కున ఆరుతుంది, అంటే చదరపు తరంగం, మూడింతల ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంకో చిన్న శిఖరం రావాలి. మెరుపుకు అంత నికరంగా రాకూడదు. కానీ 1.7కి మూడింతలు 5.1, నా వేగమేమో సెకనుకు 10 ఫ్రేములు, అందులో సగం, అంటే 5 హెర్ట్జ్ దాటింది ఏదీ సరిగా కనబడదు. యోలోను ప్రతి ఐదో ఫ్రేముకు మాత్రమే నడిపి మధ్యలో ట్రాకర్‌కు వదిలేస్తే 24 ఫ్రేములకు వచ్చింది. ఎల్‌ఈడీ దీపాలున్న కొత్త లారీలకు భేషుగ్గా పనిచేసింది. పాత లారీలకు చేయలేదు, తాడిపత్రి రోడ్డు మీద నాపరాళ్లు, సిమెంటు తోలేవాటిలో నాకు కనబడేవి ఎక్కువ అవే. బల్బు ఫిలమెంటు పూర్తిగా వెలగడానికి ఎల్‌ఈడీ కంటే సుమారు 0.2 సెకను ఎక్కువ పడుతుంది, ఆరడం కూడా నెమ్మదే. ఇండికేటర్ ఒకసారి వెలిగి ఉండేదే 0.35 సెకను. ఇక చదరం ఎక్కడ మిగులుతుంది? గ్రాఫు చూస్తే మెరుపుకూ బల్బుకూ తేడా లేని గుండ్రటి అలలే.

రెండోది, ఎడమ దీపాన్నీ కుడి దీపాన్నీ పోల్చడం. లారీ పైకీ కిందకీ ఊగితే రెండూ కలిసి మెరవాలి, ఇండికేటర్ అయితే ఒక పక్కే. రెంటినీ తీసివేస్తే మెరుపు పోవాలి. నా అంచనా ఏమిటంటే, చాలా లారీలకు ఒక పక్క దీపం దుమ్ము పట్టి మాసిపోయి ఉంటోంది, అందుకే తీసివేసినా ఒకటే మెరిసినట్టు మిగులుతోంది. పైగా ఇందులో ప్రమాదం ఉంది. నాలుగు దీపాలూ వేసుకుని రోడ్డు పక్కన ఆగిపోయిన లారీకి కూడా రెండు పక్కలా కలిసే వెలుగుతాయి, దాన్ని మెరుపని కొట్టిపారేస్తే చీకట్లో మనుషుల ప్రాణాలు పోతాయి. ఆగిన లారీ ఊగదు కాబట్టి, ఊగుతున్నప్పుడు మాత్రమే తీసివేయాలి. ఆ ఊపును కొలుద్దామంటే నా కారు ఊపు దానిలో కలిసిపోతోంది. కారు ముక్కు ఒక్క డిగ్రీ పైకి లేస్తే చిత్రం 26 పిక్సెళ్లు కిందకి జారుతుంది, లారీ నిజంగా ఊగేది 25 మీటర్ల దూరంలో 3, 4 పిక్సెళ్లే.

మా చిన్నాయన చాలా ఏళ్లు లారీ తోలినాడు. ఈ వీడియోలు చూపించి ఏది నిజం ఇండికేటరో చెప్పమంటే ఆయన దీపాల వైపు చూడనే లేదు. "లైటు సూసి పోతే ఎట్లరా, బండి యాపక్క జరుగుతాందో సూడల్ల గదా" అన్నాడు. ఆయన పద్ధతి: కుడి ఇండికేటర్ వేసి రోడ్డు మధ్యనే ఉంటే ఎదురుగా బండి వస్తోంది, రావద్దు అని. ఎడమ ఇండికేటర్ వేసి కొంచెం మార్జిన్ వైపు జరిగితే పొమ్మని. కొందరు కుడిది వేసి కూడా పొమ్మంటారు, నిజంగా కుడికి తిరిగేవాళ్లూ ఉంటారు. దీపం అదే, మాట మూడు రకాలు, తేల్చేది ఆ అడుగో అరడుగో జరగడం. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో ఓవర్‌టేక్ చేయమని చెప్పడానికి కుడి చెయ్యి బయటికి చాచి ముందుకూ వెనక్కూ ఊపమని ఉండేది, చిన్నాయన ఇప్పటికీ అలాగే ఊపుతాడు.

ఆయన మాటకు నాకు గుర్తొచ్చింది 2016 ఫిబ్రవరి 14న అమెరికాలోని మౌంటెన్ వ్యూలో జరిగిన గుద్దుడు. ఇసుక మూటలను తప్పించుకుని పక్కకు వస్తున్న గూగుల్ వాళ్ల, తనంతట తనే నడిచే లెక్సస్ కారు, వెనక నుంచి వచ్చే బస్సు నిదానించి దారిస్తుందని లెక్కేసుకుని దాన్ని తగిలింది. కారు వేగం గంటకు 2 మైళ్లు, బస్సుది 15. ఆగనని చెప్పడానికి బస్సుకు దీపాలు అక్కర్లేదు, వేగం తగ్గకపోవడమే సైగ. అదే ఏడాది సైకిళ్లవాళ్ల చేతి సైగలు చదవడం కారుకు నేర్పామని గూగుల్ చెప్పుకుంది. చెయ్యి చదవడం కంటే ఈ జరగడం, తగ్గడం చదవడమే కష్టమని నా అభిప్రాయం, మన రోడ్లకు ముందు కావలసింది కూడా అదే.

సామాన్ల సంగతి ఒక మాట. జెట్సన్ ఒరిన్ నానో బోర్డు మంచిదే కానీ ఈ పనికి దాని ధర దండగ, రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటరుకు 13 టాప్స్ (సెకనుకు 13 లక్షల కోట్ల లెక్కలు) చేసే హైలో చిప్ తగిలిస్తే చాలు. మన ఎండల్లో మాత్రం అద్దం దగ్గర పెట్టకండి, 80 డిగ్రీలు దాటగానే పై 5 తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కెమెరా ఒక్కటే పైన ఉంచి, బోర్డును సీటు కింద ఫ్యానుతో పెట్టాను. ఎల్‌ఈడీలు ఎండలో ఆరినట్టు కనిపించే గొడవకు సోనీ 2017లో తెచ్చిన ఐఎంఎక్స్390 లాంటి కార్ల సెన్సర్లే సరైన మందు, నాకు ఇంకా దొరకలేదు.

ఇక ముందు చేసేది. కెమెరా పక్కనే కదలికను కొలిచే బీఎన్‌ఓ085 సెన్సర్ పెట్టి సెకనుకు 100 సార్లు నా కారు ఊపును రాసుకుని, చిత్రం నుంచి తీసేస్తాను. అదే పని చేసే ఎంపీయూ6050 అగ్గువే కానీ నిలకడ లేదు, కొనొద్దు. లెన్స్ ముందు మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా పెట్టి చూడాలి, వెలుతురు సగానికి పైగా పోతుంది, ఎండలో ఫర్వాలేదు. లారీ ఊపూ దీపం వెలుతురూ ఒకే తాళంలో ఉంటే మెరుపు, లేకపోతే ఇండికేటర్. ఇది తేలాక లారీ వెనక టైరుకూ తెల్ల గీతకూ మధ్య దూరం కొలవడం మొదలుపెడతాను, 25 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లంటే 18 పిక్సెళ్లు, సరిపోతుంది. గీత చెరిగిన చోట ఏం చేయాలో ఇంకా ఆలోచించాలి. ఆ తర్వాత సప్తగిరి సర్కిల్ దగ్గర షేర్ ఆటోలు, మనిషిని ఎక్కించుకోవడానికి ఆగే ముందు డ్రైవర్ తల ఎడమకు తిప్పుతాడు, బ్రేక్ వేసేది ఆ తర్వాతే.

కర్నూలు, కడప వైపు వాళ్లెవరైనా సాయంత్రం తూర్పుకు పోతూ తీసిన డాష్‌క్యామ్ వీడియోలు ఇవ్వగలిగితే చాలా సాయం. సెకనుకు 30 ఫ్రేములు తగ్గకూడదు, వాట్సాప్‌లో కుదించినవి పనికిరావు, పాత బల్బుల లారీలుంటే ఇంకా మంచిది.