కోనోవింగో డ్యామ్ కింద ఫ్లై ఫిషింగ్

ముందురోజు రాత్రి బావ డ్యామ్ వాళ్ళ నీటి షెడ్యూల్ చూసి, “పొద్దున తొమ్మిది దాకా టర్బైన్లు తక్కువే నడుపుతారట. చీకటితోనే వెళ్ళిపోదాం రా” అన్నాడు. జూన్ నెల. ఎండెక్కి ఊళ్ళో ఏసీలన్నీ మొదలయ్యాక కరెంటు కోసం నీళ్ళు వదిలితే, నదిలో నిలబడ్డవాడు ఒడ్డెక్కాల్సిందే.

అమెరికాలోని మేరీలాండ్‌లో సస్క్వెహానా నది చెసపీక్ బేలో కలిసే చోటికి పది మైళ్ళు ఎగువన, 1928లో కట్టిన డ్యామ్ ఇది. దాని మీద నుంచే రూట్ 1 హైవే వెళ్తుంది. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే చేపలకు ఇక్కడ దారి మూసుకుపోతుంది. మాది ధవళేశ్వరం పక్కన కాబట్టి పులసలు ఆనకట్ట దగ్గర ఆగిపోవడం నాకు కొత్త కాదు. ఇక్కడ ఆగేది పులసకు చుట్టమైన షాడ్. దాన్ని ఎత్తి అవతల వదలడానికి 1991లో పెద్ద లిఫ్ట్ కూడా పెట్టారు. ఇలాంటి చిన్నా పెద్దా చేపల్ని తినడానికి స్ట్రైప్డ్ బాస్ చేరుతుంది. స్థానికులు దాన్ని రాక్‌ఫిష్ అంటారు.

రాళ్ళు ఒకటే జారుడు. మోకాళ్ళ లోతులో నిలబడి, బావ ఇచ్చిన ఎనిమిదో నంబర్ (లైను బరువును బట్టి వేసే నంబరు) రాడ్‌తో విసరడం మొదలుపెట్టాను. మామూలు గేలానికి సీసం గుండు బరువు దారాన్ని లాక్కెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో బరువంతా లైనుదే, ఈక (కొక్కేనికి ఈకలో బొచ్చో కట్టి చేసిన దొంగ ఎర, దాన్నే ఫ్లై అంటారు) దానివెంట పోతుంది. మేం కట్టిన ఈక పేరు క్లౌజర్ మిన్నో. బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980లలో ఇదే నది ఎగువన, పెన్సిల్వేనియాలో, స్మాల్‌మౌత్ బాస్ అనే చేప కోసం దీన్ని తయారుచేశాడు. కళ్ళలా కట్టిన బరువైన గుండ్లు పైభాగాన ఉండటంతో కొక్కెం మొన పైకి తిరిగి ఉంటుంది, రాళ్ళకు అంతగా తగులుకోదు. ఈ నదికి అంతకన్నా తెలివైన వస్తువు నాకు కనిపించలేదు.

“చేప ఎర పట్టినప్పుడు రాడ్ ఎత్తకు, చేత్తో లైను లాగు,” బావ పదేపదే చెప్పాడు. లాగాను. పట్టిన చేప నేరుగా ప్రవాహంలోకి దూసుకెళ్ళింది, లైను నా వేళ్ళని కోసేసింది. చేతికొచ్చాక చూస్తే వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లచారలు. అప్పటి రూల్ ప్రకారం 19 నుంచి 24 అంగుళాల మధ్యదైతేనే ఇంటికి తీసుకెళ్ళాలి. ఇది పొట్టిది, వదిలేశాం.

ఇంకాసేపటికి సైరన్ మోగింది, డ్యామ్ మీద ఎర్రలైట్లు వెలిగాయి. గబగబా ఒడ్డెక్కాం. అసలు విడ్డూరం అప్పుడు మొదలైంది. నీళ్ళ జోరుకి చిన్నచేపలు చెల్లాచెదురయ్యాయి. మేం నిలబడిన చోటే రాక్‌ఫిష్‌లు నీటిపైకి ఎగిరెగిరి తింటున్నాయి. చేపలకు ఆకలేసే వేళా, మనిషి నీళ్ళలో ఉండకూడని వేళా ఒకటే. పొడుగాటి స్పిన్నింగ్ రాడ్‌లు (బరువు కట్టి విసిరే మామూలు గేలాలు) ఉన్న వాళ్ళు ఒడ్డు నుంచే విసిరి వరసగా లాగుతున్నారు. మా ఈక అందులో సగం దూరం కూడా పోలేదు.

బావ కారు దాకా తిట్టుకుంటూనే వచ్చాడు. వచ్చేసారి పడవ అద్దెకు తీసుకుందామంటున్నాడు, సగం డబ్బులు నన్ను పెట్టమని.