ఎండుమిరపకాయలో కొండలు

గుంటూరులో ఎండుమిరపకాయను చూసి మోసపోయేవారు ఎవరూ ఉండరు. ఆ ఎరుపు కంటబడగానే అదేమిటో, ఎంత పొడవుంటుందో మనకు తెలిసిపోతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో మొదట పోయేది ఆ ఎరుపే కనుక, స్టిల్ లైఫ్‌లో, అంటే కదలని వస్తువుల ఫొటోలో, భ్రమ కల్పించదలచుకున్నవారికి సగం పని అక్కడే తీరిపోతుంది.

ముడతలు ఎక్కువగా ఉండే బ్యాడిగి రకం కాయను నల్ల వెల్వెట్ గుడ్డ మీద ఉంచి, కిటికీ వెలుతురు పక్క నుంచి దాని తొక్క మీదుగా ఏటవాలుగా జారిపోయేటట్లు చూస్తే, ప్రతి ముడతలోనూ నీడ నిలిచి, ఆ కాయ విమానం నుంచి చూసిన కొండల వరుసగా కనిపిస్తుంది. అయితే తొడిమ మాత్రం ఫ్రేములోకి రాకూడదు. దగ్గరి నుంచి తీసినప్పుడు ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ కాబట్టి, ముందువెనుకలు మసకబారగానే ఇది చిన్న వస్తువని కన్ను పసిగడుతుంది. అందుకే కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి, లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రమైన అపెర్చర్‌ను ఎఫ్/16 అనే చిన్న సైజు దాకా మూసి, ఫోకస్ లోతు పెంచి, ఎక్స్‌పోజర్ సమయం సెకన్లకు పెరిగినా ఓపిక పట్టాలి. ఇంకొక తమాషా ఏమిటంటే, వెలుతురు కింది అంచు నుంచి వస్తున్నట్లుగా ఫొటోను తిప్పితే గుంటలు గుబ్బలుగా మారిపోతాయి. వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన మెదడు అనుకోవడమే దీనికి కారణం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫిల్టర్లతో, అంటే లెన్స్ ముందు పెట్టే రంగు అద్దాలతో, చేసే పని. నునుపైన ఎర్రకాయను ఆకుపచ్చ ఫిల్టరుతో తీస్తే ఒళ్లంతా నల్లబడుతుంది గాని, తొక్క మీది మెరుపు కాయ రంగును కాక దీపం రంగునే చూపుతుంది కాబట్టి అది తెల్లగానే మిగిలి, కాయ మెరుగుపెట్టిన ఇనుములా కనిపిస్తుంది. అదే కాయను ఎర్ర ఫిల్టరుతో తీసినప్పుడు తొక్క లేతబడి, మెరుపు అందులో కలిసిపోయి, కాగితంతో చేసిన కాయేమో అనిపిస్తుంది. డిజిటల్ కెమెరాతో రంగులో తీసిన ఫొటోనైతే ఈ మార్పులను తరువాత కంప్యూటర్‌లో కూడా చేసుకోవచ్చు.

మిరపకు దగ్గరి చుట్టమైన క్యాప్సికంతో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లోనే ఇలాంటి పని చేశారు. కాయను రేకు గరాటులో ఉంచడంతో దాని వంపుల నుంచి మెత్తని వెలుతురు నీడల్లోకి పరుచుకుని, ఆ కాయ కండలు తిరిగిన మనిషి వీపులా కనిపిస్తుంది. అయినా ఆయన ఏమీ దాచలేదు, ‘పెప్పర్ నం. 30’ అనే పేరు పెట్టారు. వస్తువేమిటో చెప్పకుండా పొడుపుకథలా వదిలే ఫొటోలు, సమాధానం తెలిసిన క్షణంలోనే నా దృష్టిలో చప్పబడిపోతాయి. అందుకే నేను కూడా ఫొటో కింద మిరపకాయ అనే రాస్తాను. ఆ మాట చదివిన తరువాత కూడా చూసేవారికి కొండలే కనిపిస్తే ఆ ఫొటోను ఉంచుకుంటాను, లేకపోతే తీసేస్తాను.