బారాలాచా దగ్గర నీటి వాగు

బెంగళూరు మారతహళ్లిలో ఒకే వీధిలో ఉంటున్న నలుగురు మిత్రులం కిందటేడు జూన్‌లో మనాలిలో కారు అద్దెకు తీసుకుని లేహ్‌కు బయలుదేరాము. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లో బతికే మాకు, 4,890 మీటర్ల బారాలాచా కనుమ ఎంతటి పరీక్షో అప్పటికి తెలియదు.

అటల్ సొరంగం దాటి, చంద్ర, భాగ నదులు కలిసే తాండిలో ట్యాంకు నింపుకుని, ఆ రాత్రి జిస్పాలో ఆగాము. మరునాడు ఆలస్యంగా లేవడమే మేము చేసిన పెద్ద తప్పు. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి, రోడ్డుకు అడ్డంగా పారే వాగులు మధ్యాహ్నానికి ఉప్పొంగుతాయి కనుక, దారి తెలిసినవారు వాటిని ఉదయాన్నే దాటేస్తారు. బారాలాచా దగ్గరి వాగుకు మేము చేరేసరికి నీళ్లు చక్రాలు మునిగేంత లోతుకు వచ్చాయి. నడివాగులో రాళ్ల మధ్య చక్రం ఇరుక్కుపోగా, ఇద్దరం దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడి నెట్టాము. పాదాలకు స్పర్శ పోయింది. చివరికి ఒక లారీ డ్రైవరు మోకు కట్టి లాగాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆయన చేతులు నాకింకా కళ్లకు కట్టినట్టున్నాయి.

కనుమకు అవతల సర్చూ అనే చోట గుడారంలో ఆ రాత్రి ఒక మిత్రుడికి తలనొప్పి, వాంతులు ఆగలేదు. ఎత్తు పడనివారిని కిందికి దించడమే అసలైన చికిత్స కాబట్టి, లేహ్ మాట పక్కన పెట్టి, తెల్లవారుతూనే అదే వాగును, ఈసారి పాదం తడిసేంత నీటిలో, దాటి జిస్పాకు తిరిగి వచ్చాము. మధ్యాహ్నానికి వాడు లేచి కూర్చుని అన్నం అడిగాడు.