పసుపు లంగావోణీకి నల్ల నీడ వద్దు: రోబ్లాక్స్ బట్టల షేడింగ్

రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ ఆటల వేదికలో మన బొమ్మకు, అంటే అవతార్‌కు, బట్టలు గీసేటప్పుడు చాలామంది బేస్ రంగు నింపగానే నల్ల బ్రష్ అందుకుంటారు. ఆపాసిటీ (రంగు చిక్కదనం) తగ్గించి అంచుల వెంబడి రుద్దేస్తారు. ఎరుపు మీద అది ఎట్లనో నడిచిపోతుంది. బతుకమ్మ కోసం గీసే పసుపు లంగావోణీ మీద మాత్రం పాచి పట్టిన ఆకుపచ్చగా తేలుతుంది. పసుపులో నలుపు కలిస్తే వచ్చేది ఆ రంగే, బ్రష్ తప్పేమీ లేదు.

పసుపు నీడ నారింజ వైపు జరగాలి. బేస్ హ్యూ (రంగు) 45, శాచురేషన్ (గాఢత) 90, బ్రైట్‌నెస్ (వెలుగు) 95 అనుకుంటే నీడకు హ్యూ 32, శాచురేషన్ 95, బ్రైట్‌నెస్ 70 దగ్గర పెట్టండి. ఎరుపు నీడ కొంచెం ఊదా వైపు, ఆకుపచ్చ నీడ నీలం వైపు పోవాలి. తెల్ల బట్టకు ఉత్త బూడిదరంగు వేస్తే మాసినట్టుంటుంది, చిటికెడు నీలం కలిపిన బూడిద వేయాలి. ఒకే డిజైన్‌ను నాలుగైదు రంగుల్లో చేయాలనుకుంటే నీడలన్నీ వేరే లేయర్‌లో మల్టిప్లై మోడ్‌లో (కింది రంగుతో కలిసి ముదురయ్యే పద్ధతి) ఉంచండి. వెచ్చని రంగులకు గోధుమరంగు నీడ, చల్లని రంగులకు నీలం ఊదా నీడ, ఆపాసిటీ 35 నుంచి 50 శాతం మధ్య. కింద బేస్ మార్చుకుంటే చాలు, మడతలు మళ్లీ గీయనక్కర్లేదు. ఫోటోపీ, గింప్, ఫోన్‌లో ఐబిస్ పెయింట్, దేంట్లోనైనా ఈ పని అవుతుంది.

ఇక కొలతలు. షర్ట్‌కైనా ప్యాంట్‌కైనా టెంప్లేట్ (బట్ట ముక్కలన్నీ పరిచి ఉండే బొమ్మ ఫైల్) 585 × 559 పిక్సెళ్లు ఉండాలి. అందులో ఛాతీ, వీపు ఒక్కోటి 128 × 128. పక్కలు 64 × 128. చేతులకు, కాళ్లకు చుట్టూ ఉండే ఒక్కో ముఖం 64 × 128. ముక్కకూ ముక్కకూ మధ్య 2 పిక్సెళ్ల సందు. మొండెం ముక్కలు ఎడమ నుంచి కుడికి కుడి పక్క, ముందు, ఎడమ పక్క, వీపు వరుసలో ఉంటాయి. అంటే వీపు కుడి అంచు చుట్టూ తిరిగి కుడి పక్క ఎడమ అంచుకు తగులుతుంది. ఛాతీ మీద మొదలైన మడత పక్కకు తిరిగేచోట ఎత్తు ఒక్క పిక్సెల్ మారినా, రంగు తెగినా, అక్కడ అట్టముక్కలు అతికినట్టు గీత కనబడుతుంది. దీనికి సులువైన పని ఉంది: ముందు ముక్క అంచు నుంచి 4 పిక్సెళ్ల పట్టీ కాపీ చేయండి, అడ్డంగా తిప్పండి, పక్క ముక్కలో దానికి తగిలే అంచు మీద పెట్టి లోపలికి మెల్లగా కలిపేయండి. నాలుగు మూలలకూ ఇదే పని. విసుగే, కానీ తప్పదు.

నీడ ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు నా జవాబు ఒకటే: బట్టను ఎవరు లాగుతున్నారో చూడండి. చంక లాగుతుంది, మోచేయి లాగుతుంది, నడుము దగ్గర కట్టు లాగుతుంది. ముడతలన్నీ ఆ చోట్ల నుంచే బయలుదేరి దూరం పోతూ సన్నబడతాయి. దీపం ఎడమ పక్క ఉందనుకొని ఒకవైపే నీడ వేయడం బొమ్మలకు బాగానే ఉంటుంది గానీ అవతార్‌కు పనికిరాదు. అది తిరుగుతుంది, ఆట తన వెలుగు తాను వేస్తుంది, రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. పైనుంచి వెలుగు పడ్డట్టు కాలర్ కింద, చంక లోపల, అంచు మడత కింద మాత్రం ముదురు చేయండి. ఎడమ చేతి ముడతలను తిప్పి కుడి చేతికి అతికించే అలవాటు మానుకోండి, బట్ట మీద అచ్చు గుద్దినట్టు ఉంటుంది.

ముడతకు రెండు అంచులుంటాయి. ఒకటి గట్టిగా తెగాలి, రెండోది మెత్తగా కరగాలి. ఛాతీ మీదైతే 3 పిక్సెళ్ల బ్రష్‌తో 20 నుంచి 30 పిక్సెళ్ల పొడవు గీత గీసి, కింది వైపు మాత్రం స్మడ్జ్ చేయాలి (వేలితో అలికినట్టు). రెండు వైపులా బ్లర్ కొడితే పొగ లాగా ఉంటుంది, రెండు వైపులా గట్టిగా వదిలేస్తే గోరుతో గీకినట్టుంటుంది.

వోణీ దగ్గర అసలు చిక్కు వస్తుంది. కుడి నడుము దగ్గర దోపి, ఛాతీ మీదుగా ఎడమ భుజం మీదికి పోతుంది. ముందు ముక్కలో అవతార్ ఎడమ భుజం మనకు కుడి చేతి వైపు ఉంటుంది. వీపు ముక్కలో అదే భుజం మన ఎడమ వైపుకు మారుతుంది. ఇది మరిచి కొంగును తప్పు భుజం నుంచి వేలాడదీసినవి మార్కెట్‌లో బోలెడు. మొండెం పైన, భుజాల మీద ఉండే 128 × 64 ముక్కలో కూడా కుచ్చిళ్లు గీస్తేనే ముందుకూ వెనక్కీ తెగకుండా కలుస్తాయి. భుజం మీద 40 పిక్సెళ్ల వెడల్పులో మడతలన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి, నడుము వైపు వచ్చేకొద్దీ విసనకర్ర లాగా విచ్చుకోవాలి.

అంచు మీద సిద్దిపేట చీరల మీది గొల్లభామ బొమ్మ పెట్టాలనుకుంటే 20 పిక్సెళ్ల ఎత్తు చాలు. తల మీద కుండ, తల, కింద త్రికోణం లాంటి లంగా, ఈ మూడూ తెలిస్తే చూసేవాళ్లు గుర్తుపడతారు. చేతివేళ్లు, నగలు గీయబోతే మచ్చ అవుతుంది. అంచు మడత దాటేచోట గొల్లభామను అడ్డంగా కోసి ఒక సగాన్ని 2 లేదా 3 పిక్సెళ్లు జరపండి. నీడ వేయకముందే బట్ట మడతపడ్డట్టు కనబడుతుంది. ఇది చేయకుండా తిన్నని అంచు మీద ఎంత నీడ రుద్దినా అది స్టిక్కరే. జరీకి మాత్రం వెలుగు చుక్కలు కావాలి, అదీ మడత ఎత్తు మీద 2 పిక్సెళ్లు, పక్కనే ముదురు. నూలు బట్టకు ఆ తళుకు పెట్టారో, ప్లాస్టిక్ అయిపోతుంది. వరంగల్ కొత్తవాడ జంపఖానా (నేల మీద పరిచే దళసరి నేత) నమూనాతో జాకెట్ గీస్తే మడతలు రెండో మూడో చాలు, వెడల్పుగా ఉండాలి. దళసరి బట్టకు సన్న ముడతలు పడవు. ఆ నేతలో మెట్లు మెట్లుగా ఉండే గీతలు పిక్సెళ్లకు చక్కగా సరిపోతాయి కూడా.

లంగా ప్యాంట్ టెంప్లేట్‌లోకి వస్తుంది. కాలి ముందు ముఖం 64 పిక్సెళ్లలో ఐదారు కుచ్చిళ్లు పడతాయి, వెడల్పులు 8, 14, 10 ఇట్లా హెచ్చుతగ్గులుగా ఉంటేనే బాగు. పైన 2 పిక్సెళ్ల ముదురు గీతగా మొదలై కింద 5, 6 పిక్సెళ్లకు వెడల్పయి కరగాలి. కుడి కాలికి ఎడమ ముఖం, ఎడమ కాలికి కుడి ముఖం లోపలివి. వాటిని బాగా ముదురు చేస్తే నడిచేటప్పుడు రెండు కాళ్ల మధ్య సందు అంతగా కొట్టొచ్చినట్టు కనబడదు. నిజమైన ఘేరా (లంగా చుట్టు విచ్చుకోవడం) మాత్రం ఈ పద్ధతిలో రాదు, దానికి త్రీడీ లేయర్డ్ క్లోతింగ్ (అవతార్ ఒంటి మీద విడిగా తొడిగే త్రీడీ బట్ట) చేయాల్సిందే.

మొండెం మీద షర్ట్ ప్యాంట్ పైన కూర్చుంటుంది. అందుకే వోణీ అంచు నుంచి లంగా మీద పడే నీడను షర్ట్ ఫైల్‌లోనే, ఖాళీ జాగా మీద 20 నుంచి 30 శాతం నలుపుతో వేయండి. కింద ఏ ప్యాంట్ ఉన్నా సరిపోతుంది. చేతి అంచు కింద చర్మం మీద కూడా ఇదే కిటుకు, ఏ ఒంటి రంగుకైనా కుదురుతుంది. నలుపు పనికొచ్చేది ఇక్కడే. అంచు కత్తిరించేటప్పుడు మాత్రం మెత్తటి ఎరేజర్ వాడకండి, సగం పారదర్శకమైన పిక్సెళ్లు మిగిలి బట్ట చివర చర్మంలోకి కరిగిపోయినట్టుంటుంది.

అప్‌లోడ్‌కు 10 రోబక్స్ (రోబ్లాక్స్ డబ్బు) పోతాయి కాబట్టి ముందు రోబ్లాక్స్ స్టూడియోలో (రోబ్లాక్స్ ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చూసుకోండి. రిగ్ బిల్డర్‌తో (అవతార్ బొమ్మను పెట్టే పనిముట్టు) ఒక బొమ్మ పెట్టి, దానికి షర్ట్ ఆబ్జెక్ట్ తగిలించి, షర్ట్ టెంప్లేట్‌గా మీ ఫైల్ ఇవ్వండి. ఆర్6 (ఆరు ముక్కల ఒళ్లు), ఆర్15 (పదిహేను ముక్కల ఒళ్లు) రెండింటి మీదా చూడాలి, ఆర్15లో మోచేయి వంగినప్పుడు అక్కడి ముడత సాగుతుంది. కెమెరా దూరం జరిపి చూస్తే 1 పిక్సెల్ కుట్లు మాయమవుతాయి, వాటిని 2 చేయండి. దోస్తుకు చూపించాలంటే పీఎన్‌జీ ఫైల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే జేపెగ్ అయి ఖాళీ జాగాలన్నీ పూడిపోతాయి.