నెట్ ఫిజిక్స్ చదివే నల్లగొండ, పాలమూరు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: ఒంటరి పరమాణువు దగ్గరే ఆగిపోకండి

నెట్ (పరిశోధన, అధ్యాపక అర్హతకు జరిగే జాతీయ పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకున్నానని తెలిసినప్పటి నుంచి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జూనియర్లు నన్ను అడుగుతున్నవి రెండే: ఏ పుస్తకం చదివావు, రోజుకు ఎన్ని గంటలు కూర్చున్నావు. వాటికి జవాబు ఎవరైనా చెప్తారు. నాకు ఆ పేపర్ చివరి భాగమైన పార్ట్ సి మీద పట్టు దొరికింది వేరే చోట. పరమాణువు తన చుట్టూ ఉన్న కాంతితో, పరిసరాలతో కలిస్తే ఏమవుతుందన్న భాగం అది. సిలబస్‌లో దానికి విడిగా పేరు లేదు, అందుకే చాలామంది దాన్ని ఒక అధ్యాయంగా చదవరు.

మార్కుల లెక్క మీకు తెలిసిందే. 200లో పార్ట్ సి ఒక్కటే 100. 30 ప్రశ్నల్లో 20 చేస్తే చాలు, ఒక్కోటి 5 మార్కులు, తప్పయితే పావు వంతు కోత. ఇక్కడ సూత్రం బట్టీ పడితే సరిపోదు, రెండు మూడు అధ్యాయాలు కలిపి ఆలోచించాలి.

డిగ్రీలో మనం చదివింది గుర్తు తెచ్చుకోండి. పెట్టెలో కణం, హార్మోనిక్ ఆసిలేటర్, హైడ్రోజన్. అన్నీ ఒంటరివే. ఆ హైడ్రోజన్ సమీకరణం ప్రకారం 2పి అనే పై శక్తి స్థాయిలో ఉన్న ఎలక్ట్రాన్ ఎప్పటికీ అక్కడే ఉండాలి, ఎందుకంటే అది స్థిర స్థితి. నిజంగా చూస్తే సగటున 1.6 నానోసెకన్లలో 121.6 నానోమీటర్ల ఫోటాన్ వదిలి కిందికి దిగుతుంది. దింపింది ఎవరు? చుట్టూ ఉన్న విద్యుదయస్కాంత క్షేత్రం. శూన్యంలో కూడా ఆ క్షేత్రం ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే సిలబస్‌లో చెల్లాచెదురుగా ఉన్నవన్నీ ఒక చోటికి చేరతాయి: క్వాంటమ్‌లో ఫెర్మీ గోల్డెన్ రూల్ (స్థాయి మారే రేటు ఇచ్చే సూత్రం), లేజర్లలో ఐన్‌స్టీన్ ఏ, బీ గుణకాలు (ఏ తనంతట తాను కాంతి వదిలే రేటుకు, బీ బయటి కాంతి వల్ల స్థాయి మారే రేటుకు), అటామిక్ స్పెక్ట్రాలో గీతల వెడల్పు, ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల అనునాదం). నేను వీటన్నిటికీ ఒకే నోట్‌బుక్ పెట్టుకున్నాను. మీరూ అలాగే చేయండి.

ముందు ఐన్‌స్టీన్ 1917 వాదన చేత్తో రాయండి. రెండు స్థాయిలు, ఉష్ణ సమతాస్థితి, ప్లాంక్ సూత్రం, అంతే. ఏ, బీల నిష్పత్తి పౌనఃపున్యం ఘనానికి అనులోమానుపాతంలో వస్తుంది. దాన్నుంచే ఇంకో ఫలితం: ఉష్ణ వికిరణంలో స్టిమ్యులేటెడ్ ఎమిషన్‌కు (బయటి కాంతి ప్రేరణతో వదలడం), స్పాంటేనియస్ ఎమిషన్‌కు (తనంతట తాను వదలడం) ఉన్న నిష్పత్తి, ఒక మోడ్‌లో (క్షేత్రం కంపించే ఒక్కో తీరులో) ఉండే సగటు ఫోటాన్ల సంఖ్యే. అంకెలు వేసి చూడండి. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్ దగ్గర 2 ఎలక్ట్రాన్ వోల్ట్ల దృశ్యకాంతికి ఆ సంఖ్య దాదాపు సున్నా. అదే 5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌కు 1,250 దాకా వస్తుంది. మైక్రోవేవ్‌లతో పనిచేసే సూపర్ కండక్టింగ్ క్యూబిట్లను (క్వాంటమ్ కంప్యూటర్‌లోని రెండు స్థాయిల మూలకాలను) పదీ ఇరవై మిల్లీకెల్విన్ల చలిలో ఎందుకు ఉంచుతారో ఈ ఒక్క లెక్కే చెప్తుంది.

తర్వాతది అన్నిటికన్నా ముఖ్యం, నిదానంగా చదవండి. రాబీ సూత్రం పరమాణువు పైకీ కిందికీ ఊగుతుందంటుంది. గోల్డెన్ రూల్ ఏమో స్థిరమైన రేటుతో క్షీణిస్తుందంటుంది. రెండూ కాంతితో కలయికే, మరి తేడా ఎక్కడ? ఎన్ని మోడ్లు ఉన్నాయన్న దగ్గర. మంచి కేవిటీలో (కాంతిని బంధించే అద్దాల పెట్టెలో) ఒకే మోడ్ ఉంటే పరమాణువు ఇచ్చిన శక్తి దానికే తిరిగి వస్తుంది. బయట అనంతమైన మోడ్లు, ఒక్కోదానికి ఒక్కో పౌనఃపున్యం. వాటి దశలు మళ్లీ కలవవు. బిందెలోంచి బిందెలోకి వంచిన నీళ్లు వెనక్కి పోసుకోవచ్చు, సాగర్‌లో వంచినవి రావు. ప్రశ్నలో తుది స్థితి విడిగా ఒక్కటే ఉందా, నిరంతర పట్టీనా అని చూస్తే ఏ సూత్రం వాడాలో వెంటనే తెలుస్తుంది. ఈ పరిసరాల ప్రభావం గోల్డెన్ రూల్‌లోనే స్థితుల సాంద్రత (ఆ శక్తి దగ్గర ఎన్ని తుది స్థితులున్నాయన్న లెక్క) రూపంలో ఉంటుంది. పరిసరాలను మారిస్తే ఆ సాంద్రత మారి పరమాణువు ఆయుష్షు కూడా మారుతుందని భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ 1946లో చూపించాడు. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా ఇష్టమైన ఫలితం అదే.

గీతల వెడల్పుకు ఒక్క లెక్క చాలు. సోడియం 589 నానోమీటర్ల గీత, ఆయుష్షు 16 నానోసెకన్లు. సహజ వెడల్పు సుమారు 10 మెగాహెర్ట్జ్. గది ఉష్ణోగ్రత దగ్గర, పరమాణువుల కదలిక వల్ల వచ్చే డాప్లర్ వెడల్పు 1.3 గిగాహెర్ట్జ్. ఏది పెద్దదో ఆప్షన్లు చూడకుండానే చెప్పగలగాలి.

డెన్సిటీ మాట్రిక్స్‌ను (పరిసరాలతో కలిసిన వ్యవస్థ స్థితిని రాసే పట్టికను) కొందరు భయపడి వదిలేస్తారు, వదలకండి. రెండు స్థాయిలను సమంగా కలిపిన స్థితిని తీసుకోండి. పరిసరాల వల్ల దశ చెదిరిపోయాక కూడా శక్తిని కొలిస్తే సగం సగమే వస్తుంది, ముందూ అంతే. తేడా సిగ్మా ఎక్స్ (దశను పట్టిచ్చే కొలత) సగటులో కనిపిస్తుంది: ముందు 1, తర్వాత 0. మాట్రిక్స్ వర్గపు ట్రేస్ 1 నుంచి సగానికి పడిపోతుంది. వికర్ణం మీది అంకెలు (స్థాయిల సంభావ్యతలు) టీ1 కాలంతో, వికర్ణం బయటివి (దశ సమాచారం) టీ2 కాలంతో మారతాయి. టీ2 ఎప్పుడూ టీ1కి రెట్టింపు దాటదు. స్పాంటేనియస్ ఎమిషన్ ఒక్కటే ఉంటే సరిగ్గా రెట్టింపు, ఎందుకంటే సంభావ్యత తగ్గే రేటులో సగం రేటుతోనే ఆంప్లిట్యూడ్ తగ్గుతుంది.

నెట్‌కు ఇంతవరకు చాలు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా 2023లో ఆమోదం పొందిన నేషనల్ క్వాంటమ్ మిషన్ పనుల వైపు చూసేవాళ్లు, ఇంకో మెట్టు ఎక్కి, పరిసరాలతో కలిసిన వ్యవస్థ డెన్సిటీ మాట్రిక్స్ కాలంతో ఎలా మారుతుందో చెప్పే లిండ్‌బ్లాడ్ సమీకరణం చూడండి. అది 1976 నాటిది. అదే ఏడాది గోరిని, కొసకోవ్‌స్కీలతో కలిసి మన కేరళవాడు సుదర్శన్ కూడా దాన్ని రాబట్టాడు. రెండు స్థాయిల వ్యవస్థకు దాన్ని రాసి, పైన చెప్పిన టీ2 రెట్టింపు ఫలితాన్ని మీరే బయటికి తీయండి. ఒక పేజీ లెక్క. ఎక్కడైనా ఆగిపోతే రాసింది ఫొటో తీసి నాకు పంపండి, కలిసి చూద్దాం.