మా బెంచీలో పోపు గారు

మా రోజుల్లో రెండో పీరియడ్ గంట కొట్టగానే క్లాసు రెండుగా చీలిపోయేది. కతోలిక పిల్లలు క్యాటకిజం (మతబోధ) పుస్తకాలు పట్టుకుని పక్క గదికి వెళ్లేవారు. మిగిలినవాళ్లం మోరల్ సైన్స్ సార్ ముందు కూర్చునేవాళ్లం. మా బెంచీలో నలుగురం. ఇద్దరు లేచి వెళ్లేవారు, ఆబిడ్స్ నుంచి వచ్చే ముస్లిం మిత్రుడూ నేనూ మిగిలేవాళ్లం. 1989 టెన్త్ బ్యాచ్ వాళ్లకి ఆ నలుగురూ ఎవరో చెప్పక్కర్లేదు. పేర్లు మాత్రం వద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మన పూర్వ విద్యార్థుల సంచికకి బడి జ్ఞాపకాలు రాయమంటే పోపు ఫ్రాన్సిస్ గారి గురించి రాస్తున్నానేమిటి అనుకోవచ్చు. 2013 మార్చి 13న ఆయన ఎన్నికైనప్పటి నుంచి 2025 ఏప్రిల్ 21న కన్నుమూసే దాకా, మేం నలుగురం ఇరానీ చాయ్ దగ్గర కలిసిన ప్రతిసారీ మాట ఆయన మీదికే మళ్లేది. ఒకే బెంచీ మీద పెరిగినవాళ్లం, ఆయన విషయంలో మాత్రం నలుగురివీ నాలుగు దారులు.

మొదటివాడితో మొదలుపెడతాను, ఎందుకంటే వాడి మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1986 ఫిబ్రవరిలో పోపు రెండో జాన్ పాల్ మద్రాసు వచ్చారు. మేం ఏడో తరగతి. వాడూ వాళ్ల నాన్నగారూ నాంపల్లిలో రాత్రి బండెక్కి వెళ్లి చూసొచ్చారు. వచ్చేటప్పుడు పసుపు, తెలుపు రంగుల చిన్న కాగితం జెండా, పోపు గారి జెండా, తెచ్చుకున్నాడు. దాన్ని జామెట్రీ బాక్సులో కంపాస్ కింద మడిచి దాచుకునేవాడు. మడత దగ్గర చిరిగితే వెనక తెల్ల కాగితం అంటించాడు. టెన్త్ అయ్యేదాకా ఆ బాక్సులో అది ఉంది. పోపు అంటే వాడికి ఆ రోజు మద్రాసులో దూరంగా కనిపించిన ఆ తెల్లటి మనిషి. సందేహం వస్తే తేల్చి చెప్పే మనిషి.

అందుకే ఫ్రాన్సిస్ గారు వాడికి మింగుడుపడలేదు. 2013లో ఈస్టరుకి ముందు వచ్చే పవిత్ర గురువారం నాడు, ఏసు శిష్యుల కాళ్లు కడిగిన జ్ఞాపకంగా, రోములోని బాల నేరస్థుల కేంద్రానికి వెళ్లి పన్నెండు మంది కాళ్లు కడిగారు. అందులో ఇద్దరు అమ్మాయిలు, ముస్లిం పిల్లలు కూడా ఉన్నారు. ఊరంతా మెచ్చుకుంటుంటే వాడు మాత్రం, "అప్పటి రూలు ప్రకారం మగవాళ్ల కాళ్లే కడగాలి. మార్చాలనుకుంటే ముందు రూలు మార్చి తర్వాత కడగాలి కదా" అన్నాడు. రూలు మారింది 2016లో. అదే ఏడాది, విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లకి పూజలో పంచే సత్ప్రసాదం ఇవ్వొచ్చా అని నలుగురు కార్డినల్స్ (పోపు తర్వాతి స్థాయి మతపెద్దలు) సూటిగా అడిగితే పోపు గారు వాళ్లకి జవాబివ్వలేదు. 2021 జూలైలో పాత లాటిన్ పూజ మీద ఆంక్షలు పెట్టారు. 2023 డిసెంబరులో స్వలింగ జంటలకు ఆశీస్సు ఇవ్వొచ్చన్న ప్రకటనకి ఆఫ్రికా మేత్రాణులే (బిషప్పులే) ఒప్పుకోలేదు. ఇవన్నీ వాడు తేదీలతో సహా చెప్పేవాడు. మొండివాడని అనుకునేవాణ్ని.

2022లో వాళ్ల నాన్నగారు పోయారు. మెట్టుగూడ ఇంటికి వెళ్తే, ఆయన జపాల పుస్తకం నా చేతికిచ్చాడు. అట్ట ఊడిపోయింది. లాటిన్ పాటలున్న ప్రతి పేజీలో, ప్రతి లైను కింద, పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకున్నారు ఆయన. 'తాంతుం ఎర్గో సక్రమెంతుం.' గుండ్రటి, నిదానమైన చేతిరాత. ఇంగ్లీషు కూడా సరిగా రాని మనిషి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్న ప్రార్థన అది. "దీన్ని పాతకాలపు పట్టుదల అంటున్నారురా ఇప్పుడు" అన్నాడు. వాడికి కోపం లేదు, దెబ్బ తగిలింది. ఆ రోజు తర్వాత నేను వాడితో వాదించడం మానేశాను.

రెండోవాడి తాతలది గుంటూరు వైపు పల్లె. క్రైస్తవం పుచ్చుకున్న దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల వాళ్లకి ఎస్సీ హోదా లేదు, బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషన్. టెన్త్ సర్టిఫికెట్లు చేతికొచ్చిన రోజు కులం కాలమ్ ముందు వాడు ఎంతసేపు నిలబడ్డాడో నాకు గుర్తుంది. "గుడి బయట మాలోళ్లం, బడిలో క్రిస్టియన్లం, ఆఫీసులో ఏదీ కాదు" అని తర్వాతెప్పుడో అన్నాడు. వాళ్ల నాయనమ్మ ఊళ్లో సమాధుల తోటలో కూడా ఎవరి వరస వారిదే.

2022 మే 29, ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారిని కార్డినల్‌గా ప్రకటించారు పోపు ఫ్రాన్సిస్. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన మనిషి. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో పూజ చెప్పే ఆయన, రేపు పోపును ఎన్నుకునేవాళ్లలో ఒకరు. చివరికి వాడు అన్నది ఒక్కటే: "మా నాయనమ్మ ఉండాల్సింది."

అలాగని ఫ్రాన్సిస్ గారిని వెనకేసుకొచ్చే రకం కాదు వాడు. "కార్డినల్ ఎర్ర టోపీ రోములో పెట్టారు, మా ఊరి సమాధుల తోట అలాగే ఉంది" అనేవాడు. ఆడవాళ్లకి గురుపట్టం (ఫాదర్లయ్యే హక్కు) గురించి ఆయన ఒక్క అడుగూ వేయలేదని వాడి భార్యకి కోపం. మొదటివాడికి ఆయన మరీ తొందరపడ్డారు, వీడికి మరీ నెమ్మదిగా నడిచారు. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఇద్దరూ ఒకే మనిషిని తప్పుపట్టేవారు.

ముస్లిం మిత్రుడిది చిన్న మాట. 2019 ఫిబ్రవరిలో పోపు గారు అబూధాబీ వెళ్లి, కైరోలోని అల్ అజహర్ మసీదు పెద్ద ఇమాంతో కలిసి మానవ సోదరత్వ పత్రం మీద సంతకం పెట్టారు. అప్పుడు వాడు అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. అరేబియా గడ్డ మీద కాలుపెట్టిన మొదటి పోపు ఆయనే. "మోరల్ సైన్స్ క్లాసులో మనం కూర్చున్న గదికి ఒక పోపు వచ్చినట్టుంది" అన్నాడు.

ఇక నేను. నీళ్ల పైపుల లెక్కలు వేసే ఇంజనీర్ని. 2015లో ఆయన పర్యావరణం మీద లేఖ రాశారు. సురక్షితమైన తాగునీరు మనిషి ప్రాథమిక హక్కు అని అందులో ఉంది. దాన్ని చదివిన సాయంత్రం చాదర్‌ఘాట్ వంతెన మీద ఆగి మూసీ వాసన పీల్చాను. మా ఆఫీసు ఫైళ్లలో లేని మాట ఒక మతపెద్ద రాశారు.

కానీ ఆయన మీద నాకో పెద్ద ఫిర్యాదు ఉంది. 2018 జనవరిలో చిలీ వెళ్లినప్పుడు, ఒక చర్చి ఫాదర్ చేసిన అత్యాచారాలను కప్పిపుచ్చాడని బాధితులు ఒక మేత్రాణి మీద ఆరోపిస్తుంటే, ఆధారాలు లేవు, అదంతా అపనింద అని విలేకరులతో అన్నారు. చిన్నప్పుడు గాయపడినవాళ్లని అబద్ధాలకోరుల్లా నిలబెట్టారు. విచారణ చేయించాక, ఏప్రిల్లో, తీవ్రమైన పొరపాటు చేశానని రాతపూర్వకంగా ఒప్పుకుని, ముగ్గురు బాధితుల్ని తను ఉండే ఇంటికే పిలిపించుకుని క్షమాపణ అడిగారు. ఆలస్యమైందన్నారు చాలామంది. అవును, ఆలస్యమైంది.

అది చదివినప్పుడు నాకు మా బడి వరండా గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో ల్యాబ్ అద్దం పగిలింది. నేను కాదు పగలగొట్టింది. ప్రిన్సిపాల్ ఫాదర్ నా మాట వినలేదు, ఇంటర్వెల్ అంతా వరండాలో మోకాళ్ల మీద నిలబెట్టారు. చిన్న క్లాసుల పిల్లలు చూస్తూ వెళ్లారు. మర్నాడు అసలు సంగతి తెలిసింది. మొదటి పీరియడ్‌లో ఫాదర్ వచ్చి, టీచర్ని పక్కకి జరగమని, బోర్డు ముందు నిలబడ్డారు. తెల్ల అంగీ మోచేతికి సుద్దపొడి అంటుకుంది. నన్ను పేరు పెట్టి పిలిచి, "నిన్న తప్పు నాది. అందరి ముందూ శిక్షించాను, అందరి ముందే చెబుతున్నాను" అన్నారు. గొంతు వణికింది. నా మోకాళ్ల నొప్పి ఆ మాటతో పోలేదు. కానీ ఆ రోజు నుంచి ఆ మనిషి ఏం చెప్పినా నమ్మాను. ఫ్రాన్సిస్ గారిని నేను చూసేది ఆ వరండా నుంచే. జనవరి మాటని క్షమించలేను, ఏప్రిల్ లేఖని మరిచిపోలేను.

2025 ఏప్రిల్ 26, శనివారం. ఫ్రాన్సిస్ గారి అంత్యక్రియలు టీవీలో చూద్దామని నలుగురం మెట్టుగూడలో మొదటివాడి ఇంట్లో కలిశాం. మన టైము మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదలైంది. మామూలు చెక్క పెట్టె. రెండోవాడు టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని, కార్డినల్స్ వరసలో మన ఆంథోనీ గారి కోసం వెతుకుతున్నాడు. కెమెరా ఎక్కడా ఆగదు. మొదటివాడు వెనకాల నాన్నగారి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చివర్లో పెట్టెని మోసుకెళ్లే సమయానికి లాటిన్ పాట మొదలైతే, పెన్సిల్ రాత మీద వేలు పెట్టి మెల్లగా గొంతు కలిపాడు. 'ఇన్ పరదీసుం...'

రెండోవాడు వెతకడం ఆపి వెనక్కి తిరిగాడు.

"అర్థం ఏమిట్రా?"

"దేవదూతలు నిన్ను పరలోకానికి తోడుకొని పోదురు గాక. ఒకప్పుడు పేదవాడైన లాజరుతో పాటు నీకు నిత్య విశ్రాంతి కలుగు గాక."

వాడు టీవీ సౌండ్ తగ్గించాడు. కుర్చీ వెనక్కి లాక్కొచ్చి పుస్తకంలోకి వంగాడు.

"ఆ లాజరు ముక్క ఎక్కడుందో చూపించు. నేనూ చదువుతాను."